చేతుల్ని తీసేయడం నాకు రాలేదు

"ఊరికే ఆ పెట్టె ముందు కూర్చునే బదులు ఈ బఠాణీలైనా వలిచిపెట్టొచ్చు కదమ్మా" అంటూ అత్తయ్య గిన్నె తెచ్చి నేరుగా కీబోర్డు మీదే పెట్టింది.

నేను ఊరికే కూర్చోలేదు. ఫోటోలో ఉన్న ఒక కప్పును, అది పెట్టి ఉన్న బల్ల నుంచి విడదీస్తున్నాను. కప్పు అంచు వెంట మౌస్‌తో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ వెళ్ళి, మొదలుపెట్టిన చోటికే తిరిగి చేరాలి. అప్పుడు కప్పు చుట్టూ చీమల బారులాంటి గీత కదులుతుంది. ఆ గీత కోసం, బట్టలు ఆరేసి వచ్చిన దగ్గర్నుంచి తంటాలు పడి పిడి వంపు దాకా వచ్చాను. గిన్నె కింద ఏ మీట నొక్కుకుపోయిందో, చుక్కలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. కప్పు మాత్రం బల్ల మీద నిక్షేపంగా ఉంది. నేను గిన్నె ఒళ్ళోకి తీసుకుని బఠాణీలు వలవడం మొదలుపెట్టాను.

ఈ ఇంట్లో నేను నిలబడి చేసేవేవీ పనుల్లోకి రావు. అందరికంటే ముందు లేచి పాలు కాచడం, ముగ్గురికి మూడు రకాలుగా టిఫిన్ డబ్బాలు సర్దడం, అత్తయ్య మాత్రలు గుర్తుపెట్టుకోవడం, బాత్రూమ్ తూముకి అడ్డం పడ్డ వెంట్రుకల ఉండ తీయడం, ఇవన్నీ గాలి ఆడినట్టు, వెలుతురు వచ్చినట్టు వాటంతటవే జరిగిపోతున్నాయని అందరి నమ్మకం. నేను కుర్చీలో కూర్చున్నానంటే మాత్రం అందరి కళ్ళూ పడతాయి. పైగా ఆ కంప్యూటర్ ఉన్నది చెప్పుల స్టాండు పక్కన, బాత్రూమ్‌కి వెళ్ళే దారిలో. మా ఆయన ఆఫీసులో కొత్తవి వచ్చాక ఇంటికి చేరిన పాతది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఒకసారి ఆగి, తెరలోకి తొంగి చూసి, ఏదో ఒకటి అనకుండా కదలరు.

అందులో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ వేసింది మా తోడికోడలు. తను ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేది. రోజంతా ఎవరెవరి మొటిమలో, కళ్ళ కింద నలుపో తుడిచి ఇంటికొచ్చేది. ఒక సెలవు రోజున నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

"అక్కా, నీ చెయ్యి ఎంత నిలకడగా ఉంటుందో నీకే తెలీదు. స్టూడియోలో పని ఎక్కువైతే బయటివాళ్ళకి ఇస్తారు. నువ్వు ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. నేర్చుకో, నేను చెప్తాగా."

ఇంట్లో కూర్చుని అనే మాట అంత గౌరవంగా నేనెప్పుడూ వినలేదు.

నేర్చుకోవడం మాత్రం అంత తేలిగ్గా సాగలేదు. లేయరంటే ఏమిటో తను చెబితే అర్థమైంది. "ఫోటో మీద గాజు పలక పెట్టావనుకో, పలక మీద ఏం గీసినా కింద ఫోటోకి ఏమీ కాదు." తను పక్కన లేనప్పుడు నేను ఏ పలక మీద ఉన్నానో నాకే తెలిసేది కాదు. రంగు వేస్తే పడేది కాదు. చెరిపితే చెరగాల్సింది కాక ఇంకేదో చెరిగిపోయేది. ఫెదర్ అంటే ఈక అని తెలుసు, ఈకకీ ఫోటోకీ ఏమిటి చుట్టరికం? డిగ్రీ చదివానన్న మాటే గానీ ఆ మెనూల్లో నాకు దారి తోచేది కాదు. ఒకరోజు తెర పక్కనుండే పనిముట్ల పట్టీ మొత్తం మాయమైపోయింది. ఏం నొక్కానో తెలియదు, ఎలా తెచ్చుకోవాలో తెలియదు. మధ్యాహ్నమంతా దాని కోసం వెతుకుతూ, మా ఆయన వచ్చేసరికి తెర ఆపేసి వంటింట్లోకి పారిపోయాను. పాడు చేశావా అని అడుగుతాడని భయం. పాడైతే నేను చేసినట్టు, బాగుంటే యంత్రం మంచిదైనట్టు.

ఆయనకి నా చదువు మంచి కాలక్షేపం. స్నేహితులు వచ్చినప్పుడు, నేను టీ కప్పులు అందిస్తుండగా, "మా ఆవిడ ఇప్పుడు కంప్యూటర్ మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైతే కంట్రోల్ జెడ్ కొట్టి వెనక్కి తీసేస్తుంది" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే, జోకు కూడా అర్థం కాలేదంటారు. ఇంకోసారి, నేను పొయ్యి కట్టేసి వచ్చేలోగా మ్యాచ్ స్కోరు చూసుకోవడానికి నా ఫైలు మూసేశాడు. సేవ్ చెయ్యలేదని నేనంటే, "నువ్వు చేసేది ఆటేగా, మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడు. కోపంగా కూడా కాదు. పిల్లలు పేర్చిన ఇసుక గూడు తొక్కినవాళ్ళు అనే మాట.

మాకు పిల్లల్లేరు. ఎందుకు లేరో తెలుసుకోవడానికి నన్ను తిప్పని ఆసుపత్రి లేదు, ఆయన మాత్రం ఒక్క గుమ్మమూ ఎక్కలేదు. మా మరిది కూతురు ఉండేది ఇంట్లో. రెండు మెతుకులు తిని ఎగిరిపోతుందని దానికి పిచ్చుక అని పేరు. వాళ్ళమ్మ స్టూడియోకి వెళ్తే నా కొంగు పట్టుకుని తిరిగేది, వాళ్ళమ్మ చెప్పుల చప్పుడు వినపడగానే నన్ను వదిలేసి పరిగెత్తేది. ఆ వదిలేయడం నాకు ప్రతి సాయంత్రమూ చిన్న నొప్పి. ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం తోడికోడలు ఆలస్యంగా వచ్చింది. మరిది హాల్లోనే, అందరి ముందే, పిచ్చుక చూస్తుండగానే చెంప మీద కొట్టాడు. మొదటిసారి కాదు, అయితే గది బయట అదే మొదలు. తను చెంప పట్టుకోలేదు. కింద పడిన జడపిన్ను ఏరుకుని గదిలోకి వెళ్ళింది. మర్నాడు మామూలుగా పనికి వెళ్ళి, సాయంత్రం గుమ్మం దగ్గరే నిలబడి, "నేను వేరే గది తీసుకున్నాను. పిల్లను పంపించండి" అంది. అత్తయ్య తలుపు వేసేసింది. తలుపుకి ఇవతల, పిచ్చుకను ఎత్తుకుని నేను నిలబడ్డాను. "అక్కా, నువ్వైనా తియ్యక్కా" అని అవతలి నుంచి వినిపిస్తోంది. మా ఆయన నా వైపు చూశాడు. గడియ నా భుజానికి తగులుతోంది. నేను కదల్లేదు. పిచ్చుక నా మెడలో ముఖం దాచుకుని, అరవకుండా, వేడిగా ఊపిరి తీస్తోంది. కాసేపటికి చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

తర్వాత కేసు నడిచింది, పిల్ల ఎవరి దగ్గర ఉండాలని. తేలేదాకా మా దగ్గరే ఉంది. పిచ్చుకకి స్నానం, బడి, జ్వరం, రాత్రి పక్క తడపడం, అన్నీ నా వంతుకి వచ్చాయి. అవి కూడా వెంటనే ఎవరికీ కనపడని పనుల్లో కలిసిపోయాయి. నేర్పే మనిషి లేక, నేను ఫోన్లో వీడియోలు పెట్టుకుని చూసేదాన్ని, శబ్దం బాగా తగ్గించి. అందులో చెప్పేవాడు ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతాడు. వాడు ఒక్క నిమిషంలో చేసింది నాకు రెండు పూటలు పట్టేది. అయినా కప్పు బల్ల నుంచి విడివడింది. గోడ మీది మరక పోయింది. ఒక మధ్యాహ్నం పిచ్చుకను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఫోటోలో దాని ఆకుపచ్చ బంతిని ఎర్రగా మార్చి చూపించాను. అది తెరనీ, మంచం కింద ఉన్న బంతినీ మార్చి మార్చి చూసి, "నిజం బంతి ఇంకా పచ్చగానే ఉంది పెద్దమ్మా" అంది. వాళ్ళమ్మ వెళ్ళాక అది అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదటిసారి.

లాయరుగారు ఫోటోలు అడిగాడు. పిల్ల ఈ ఇంట్లో అందరితో కలిసి సంతోషంగా ఉన్నట్టు, ముఖ్యంగా దాన్ని పసితనం నుంచీ పెద్దకోడలే తల్లిలా చూసుకుంటున్నట్టు ఉంటే మంచిదన్నాడట. మా ఆయన సోఫాలో అందర్నీ కూర్చోబెట్టి తీశాడు. మరిది చాక్లెట్ చూపించాడు, అత్తయ్య చప్పట్లు కొట్టింది, నేను చక్కిలిగింతలు పెట్టాను. పిచ్చుక నవ్వలేదు. ఏ ఫోటోలో చూసినా గుమ్మం వైపే చూస్తోంది.

అప్పుడు అత్తయ్య హాల్లో గోడకున్న పాత ఫోటో దింపింది. తోడికోడలి స్టూడియోలోనే తీయించింది అది, ఫైలు కంప్యూటర్లోనూ ఉంది. మధ్యలో ఎర్ర స్వెటర్‌లో తను, ఒళ్ళో చిగుళ్ళు కనపడేలా నవ్వుతున్న పిచ్చుక. నేను వెనక వరసలో, సగం అత్తయ్య భుజం చాటున.

"ఇందులో పిల్ల ఎంత బాగా నవ్వుతోందో చూడు. ఆ మనిషిని తీసేసి నిన్ను పెట్టు. ఆమాత్రం వచ్చుగా నీకు?"

"అంత రాదు అత్తయ్యా" అన్నాను.

"రాకపోతే ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టినట్టు?" అన్నాడు మా ఆయన. తర్వాత గొంతు మార్చి, నా పక్కన కూర్చుని, "నువ్వు చూడూ, పెంచుతున్నది నువ్వా ఆవిడా? నువ్వేగా? అంటే ఆ ఫోటోయే తప్పు. మనం దాన్ని సరిచేస్తున్నాం, అంతే" అన్నాడు.

అబద్ధం కదండీ అనబోయాను. అత్తయ్య అందుకుంది. "నీ ఒళ్ళో పిల్లను చూడాలని నాకు లేదనుకున్నావా? కోర్టువాళ్ళు దాన్ని అటు పంపేస్తే నువ్వుండగలవా చెప్పు?"

ఉండలేను. ఆ సంగతి నాకంటే ముందే వాళ్ళకి తెలుసు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు మా ఇల్లు ఇల్లులా లేదు. అత్తయ్య తనే కూరలు తరిగింది. నా పక్కన టీ తెచ్చిపెట్టింది, కీబోర్డుకి దూరంగా. మరిది టీవీ సౌండు తగ్గించి, "పెద్దమ్మ పని చేసుకుంటోంది, అటు వెళ్ళకు" అని పిచ్చుకను లోపలికి తీసుకెళ్ళాడు. పని అన్నాడు. ఆ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో! వచ్చింది, ఇలాంటి దానికొచ్చింది.

ముందు తోడికోడల్ని మొత్తంగా తీసేద్దామనుకున్నాను. భుజాల దాకా తేలిగ్గానే పోయింది, వెనకున్న పరదాని తెచ్చి కప్పేశాను. చేతుల దగ్గర ఆగిపోయాను. రెండు చేతులూ పిచ్చుక పొట్ట చుట్టూ వేసి, వేళ్ళలో వేళ్ళు బిగించి ఉంది. ఆ వేళ్ళు తీస్తే వాటి కింద పిల్ల గౌను ఉండాలి కదా. ఫోటోలో ఏమీ లేదు. తీసిన చోటల్లా తెల్లగా కన్నం పడుతోంది. పక్కనున్న గౌను ముక్క తెచ్చి అతికిస్తే, పిల్ల పొట్ట చింపి కుట్టినట్టు ఉంది. వీడియోలన్నీ వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. చేసిందంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే కన్నం. బయటకి చెప్పుకోలేను గానీ, నాకు చేతకావడం లేదని ఏడుపొచ్చింది. చేస్తున్న పనికి కాదు, చేతకానందుకు. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

చివరికి చేతులు వదిలేశాను. స్వెటర్ వదిలేశాను. మెడ దాకా తనే, మెడ పైన నేను. ఒక పాత ఫోటోలోంచి నా ముఖం కత్తిరించి తెచ్చి పెట్టాను. వెనక వరసలో ఉన్న నన్ను పరదాతో కప్పేశాను. వెలుతురు అటు వైపు నుంచి పడుతోందని ముఖాన్ని తిప్పాను. గొంతు దగ్గర రంగు కలవకపోతే కొద్దికొద్దిగా అద్దాను. అంచులు మెత్తగా కలిసిపోవడానికి ఆ ఈక అనేది వాడాను, అప్పటికి దాని ఉపయోగం తెలిసింది. కుర్చీ వెనక్కి జరిపి చూశాను.

నా ఒళ్ళో పిల్ల నవ్వుతోంది.

ఎంతసేపు చూశానో తెలియదు. ఏ డాక్టరూ, ఏ మాత్రా ఇవ్వలేనిది నా చేతులతో నేనే చేసుకున్నట్టు అనిపించింది. సంతోషమే అది. దాని వెనకే నా మీద నాకే అసహ్యం వేసింది. రెండూ ఒకేసారి ఒక మనిషిలో ఎలా పడతాయో నాకు తెలియదు. పట్టాయి.

ఎప్పుడు వచ్చిందో పిచ్చుక నా మోచేతి కింద నుంచి తల దూర్చింది.

"అమ్మ స్వెటర్ ఎందుకు వేసుకున్నావు పెద్దమ్మా?"

అది తెర మీద వేలు పెట్టి చూపించింది. తోడికోడలి చిటికెన వేలు కొసన కాస్త వంకర. పిచ్చుక నా చెయ్యి లాక్కుని, చిటికెన వేలు సాగదీసి చూసింది. "నీది వంకరగా లేదు" అంది. ఏడవలేదు, అలగలేదు. బొమ్మ ఎక్కడ దాచావని అడిగినంత మామూలుగా అడిగింది.

"అమ్మ ముఖం ఎక్కడ పెట్టావు?"

"పిచ్చుకా, ఇటు రా" అని నానమ్మ పిలిస్తే వెళ్ళిపోయింది. తెర ఆపేద్దామనుకున్నాను. ఈలోగా మా ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అబ్బా! ఇది నువ్వే చేశావా? అస్సలు తెలియట్లేదు. ఒరేయ్, ఇలా రారా, మీ వదిన పనితనం చూడు."

ముగ్గురూ నా వెనక నిలబడి మెచ్చుకున్నారు. అత్తయ్య నా జుట్టు నిమిరింది. పెళ్ళయ్యాక వీళ్ళు నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. వద్దండీ, ఇది పంపొద్దు అని నేను అన్నాను. అన్నానో, అనుకున్నానో. మా ఆయన అప్పటికే ఫైలు లాయరుగారికి పంపేశాడు.

కోర్టులో మమ్మల్ని పిలిచిన రోజు పిచ్చుకను బొమ్మలూ రంగు పెన్సిళ్ళూ ఉన్న గదిలోకి తీసుకెళ్ళారు. పెద్దవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి కోర్టు కౌన్సిలర్ మేడమ్ మాట్లాడుతోంది. వరండాలో ఎదురు బెంచీ మీద తోడికోడలు కూర్చుని ఉంది. ఎముకలు తేలి ఉంది. మా వాళ్ళు లాయరుతో మాట్లాడుతున్న కాస్త సందులో లేచి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆ తలుపు గురించి అడుగుతుందనుకున్నాను, జవాబు కూడా కూడగట్టుకున్నాను.

"దానికి అప్పటి దగ్గు తగ్గిందా అక్కా?" అంది.

"తగ్గింది" అన్నాను.

"రాత్రిళ్ళు మెడకి ఏదైనా చుట్టు, లేకపోతే తిరగబెడుతుంది." వెళ్ళబోతూ ఆగింది. "ఫోటోలు చేస్తున్నావా ఇంకా? మధ్యలో వదిలెయ్యకు. నీకు వస్తుంది."

నా పేరు పిలిచారు. లేచేముందు మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఫోటో చూపించి ఇది నువ్వేనా అంటారు. అవునను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు" అన్నాడు. మరిది నా వైపు చూడలేదు. అత్తయ్య నా చెయ్యి నొక్కింది.

చిన్న గది. కిటికీ పక్క బీరువా, బల్ల మీద నీళ్ళ గ్లాసు. కౌన్సిలర్ మేడమ్ నా వయసుదే, అలసిపోయినట్టుంది. పిల్ల ఏం తింటుంది, ఎవరి పక్కన పడుకుంటుంది, దేనికి భయపడుతుంది అని అడిగింది. అన్నీ చెప్పాను. అన్నీ నాకు తెలుసు. చెబుతున్నకొద్దీ, ఈ పిల్ల నాదేనని నాకే అనిపించసాగింది. ఆవిడ రాసుకుంటూ తల ఊపింది. తర్వాత ఫైల్లోంచి ఆ ఫోటో తీసి బల్ల మీద నా వైపు తిప్పి పెట్టింది.

కాగితం మీద నేనెప్పుడూ చూడలేదు దాన్ని. బాగా వచ్చింది. గొంతు దగ్గర అతుకు నాకు తప్ప ఎవరికీ కనపడదు.

"పిల్ల చిన్నప్పటి ఫోటో అని ఇచ్చారు. ఎత్తుకుని కూర్చున్నది మీరేనాండీ?"

తలుపుకున్న గాజులోంచి మా ఆయన వీపు కనిపిస్తోంది. అవునంటే పిచ్చుక రేపు కూడా నా పక్కలోనే నిద్రపోతుంది. కాదంటే పిచ్చుక ఉండదు, ఆ ఇంట్లో నాకు చోటు ఉంటుందో లేదో కూడా తెలియదు. వెళ్ళడానికి నాకు వేరే ఇల్లు లేదు. నేర్చుకున్న విద్య ఇంకా అన్నం పెట్టేంత విద్య కాదు. ఇవన్నీ ఆలోచించాను. ధైర్యం ఎక్కడా కనపడలేదు. గ్లాసు అందుకుని గుక్కెడు నీళ్ళు తాగాను. ఆవిడ తొందరపెట్టలేదు.

"ముఖం నాదండీ" అన్నాను. "చేతులు వాళ్ళమ్మవి. ఆవిడ బయటే కూర్చుని ఉంది, పిలవండి."